పోర్టల్ ఎందరిని మోయగలదు? వ్యవసాయ వెబ్ అప్లికేషన్లకు భార పరీక్ష ఆవశ్యకత

వరిలో ఒక కొత్త రకం రైతు పొలానికి చేరే ముందు ఎన్ని పరీక్షలకు నిలవాలో వ్యవసాయ శాస్త్రవేత్తలకు వేరుగా చెప్పనవసరం లేదు. పరిశోధనా స్థానంలో దిగుబడి పరీక్షలు, వేర్వేరు వాతావరణ మండలాలలో బహుళ స్థాన పరీక్షలు, చీడపీడలను తట్టుకునే శక్తిపై ప్రత్యేక పరీక్షలు, ఆపై రైతుల పొలాలలో చిరుసంచుల దశ, ఇవన్నీ గడిచిన తరువాతనే ఆ రకం విడుదలకు అర్హత పొందుతుంది. అదే రైతు పంట నమోదుకు, బీమాకు, రాయితీ విత్తనానికి, ధాన్యం అమ్మకానికి ఆధారపడుతున్న వెబ్ అప్లికేషన్ల విషయంలో ఇంతటి నిష్ఠ కనిపించదు. ప్రభుత్వ వెబ్‌సైట్లను సర్వర్‌పై ఉంచే ముందు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్లచే భద్రతా తనిఖీ జరిపించాలన్న నియమం ఉన్నది. ఏకకాలంలో ఎందరు వినియోగదారులను ఆ అప్లికేషన్ మోయగలదో తేల్చే భార పరీక్షకు మాత్రం ఆ స్థాయి పట్టింపు లేదు. జరిగినా అది గుత్తేదారు సమర్పించే పత్రాలలో ఒక పేజీగా మిగిలిపోతున్నది. గడువు చివరి రోజే పోర్టల్‌కు తొలి నిజమైన పరీక్ష అవుతున్నది. ఆ పరీక్షకు అయ్యే ఖర్చును రైతు భరిస్తున్నాడు.

ఆ ఖర్చు చిన్నది కాదు. గ్రామ కేంద్రం ముందు ఉదయం నుంచి నిలబడిన రైతుకు మధ్యాహ్నానికి ‘సర్వర్ రావడం లేదు, రేపు రండి’ అన్న మాట వినిపిస్తే ఒక రోజు కూలి పోయినట్టే. గడువు ఆ రోజుతోనే ముగిస్తే ఒక పంటకాలపు బీమా రక్షణ పోతుంది. కౌలు రైతుకు పంట నమోదులో పేరు లేకపోతే కొనుగోలు కేంద్రంలోనూ, పంట నష్ట పరిహారంలోనూ అతని ఉనికికి ఆధారమే ఉండదు. సర్వర్ మొరాయించడాన్ని వడగళ్ల వాన వంటి దైవికంగా చెప్పుకునే అలవాటు కార్యాలయాలలోనూ గ్రామాలలోనూ పాతుకుపోయింది. వాన ఎంత పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. యంత్రం ఎంత భారానికి కూలుతుందో మాత్రం ముందుగా కొలవవచ్చు. కొలవకపోవడం ఒక నిర్ణయం. ఆ నిర్ణయానికి బాధ్యులు ఉండాలి.

ఒకే యంత్రం, మూడు సంఖ్యలు

భార పరీక్ష జరిగిందని చెప్పే నివేదికలలో సాధారణంగా ఒకే ఒక వాక్యం కనిపిస్తుంది: అప్లికేషన్ ఇన్ని వేల ఏకకాల వినియోగదారులను తట్టుకుంటుంది. ఎరువు మోతాదు, నీటి వసతి, నేల స్వభావం చెప్పకుండా ‘ఎకరాకు 40 బస్తాలు’ అని ప్రకటించడం వంటిదే ఈ వాక్యం. ఈ సంఖ్య ఎంత సాగుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు.

ఒక పంట నమోదు పోర్టల్‌ను ఊహించుకుందాం. ఒక రైతు నమోదు పూర్తికావడానికి 12 తెరలు దాటాలి. ప్రతి తెర వద్ద సహాయకుడు సర్వే నంబరు అడిగి, పట్టా పుస్తకం చూసి, పంట పేరు ఎంచుకుని, సరిచూసుకోవడానికి సగటున 29.5 సెకన్లు తీసుకుంటాడు. సర్వర్ సెకనుకు 250 అభ్యర్థనలకు మించి జవాబు ఇవ్వలేదు. ఏ తెర అయినా సగటున 2 సెకన్ల లోపు రావాలన్నది అంగీకరించిన ప్రమాణం. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన వరుసల సూత్రం ప్రకారం, వ్యవస్థలో ఉన్నవారి సంఖ్య సెకనుకు జరిగే పనిని, ఒక్కొక్కరు ఒక చుట్టుకు తీసుకునే మొత్తం సమయంతో గుణించగా వస్తుంది. అంటే 250ని 31.5తో గుణిస్తే 7,875 మంది. ఇది ఆ పోర్టల్ నిజ పరిమితి.

ఇప్పుడు పరీక్ష జరిపేవారు తెరకూ తెరకూ మధ్య విరామాన్ని పూర్తిగా తీసివేశారనుకుంటే, అదే యంత్రం 500 మందికే చేతులెత్తేసినట్టు తేలుతుంది. విరామాన్ని 60 సెకన్లకు పెంచితే పరిమితి 15,500 అవుతుంది. సర్వర్ మారలేదు, ప్రోగ్రాములో ఒక్క వరుస మారలేదు. పరిమితి మాత్రం 500 నుంచి 15,500 వరకు పాకింది. టెండరులో ‘15,000 ఏకకాల వినియోగదారులు’ అన్న షరతు ఉంటే, దానిని నెరవేర్చే సులువైన మార్గం యంత్రాన్ని బలపరచడం కాదని దీనివల్ల తెలుస్తున్నది. అందువల్ల ఏకకాల వినియోగదారుల సంఖ్యను విడిగా అడగడమే పొరపాటు. గంటకు ఎన్ని నమోదులు పూర్తవుతాయి, అప్పుడు తెర రావడానికి ఎంత సమయం పడుతుంది అన్న రెండింటినీ కలిపి అడగాలి. పై ఉదాహరణలో గంటకు 75,000 నమోదులు. ఈ సంఖ్యను జిల్లా వ్యవసాయ అధికారి తన జిల్లాలో మిగిలి ఉన్న నమోదులతో పోల్చుకోగలడు. 7,875 అన్న సంఖ్యతో ఆయన చేయగలిగింది తక్కువ.

అదే పోర్టల్‌లో 10,000 కేంద్రాలు ఒకేసారి పని మొదలుపెట్టాయనుకుందాం. సెకనుకు 250 మించి జవాబులు రావు కనుక ఒక్కొక్క చుట్టు 40 సెకన్లకు సాగుతుంది, అందులో 29.5 పోగా ప్రతి తెర కోసం 10.5 సెకన్లు ఎదురుచూడాలి. ఇది సహనంతో పని చేసేవారి లెక్క. పది సెకన్లు తెల్లటి తెర చూసిన సహాయకుడు మళ్లీ మీట నొక్కుతాడు. పేజీని తాజా చేస్తాడు. మొదటి అభ్యర్థన సర్వర్‌లో ఇంకా నలుగుతూ ఉండగానే రెండవది చేరుతుంది. ఇక్కడి నుంచి పూర్తయ్యే నమోదులు పెరగడం ఆగి తగ్గడం మొదలవుతుంది. పొలంలో నీరు నిలిచినప్పుడు వేరు కుళ్లడం వంటిదే ఇది. వచ్చిన నీరంతా పైరుకు అందినట్టు కాదు.

సగటు అన్న మాట వద్ద కూడా జాగ్రత్త అవసరం. సగటు 2 సెకన్లని చెప్పే నివేదిక కొందరికి 30 సెకన్లు పట్టిన విషయాన్ని దాచగలదు. కనుక నూటికి 95 అభ్యర్థనలు ఎంత సమయంలో ముగిశాయో చెప్పే కొలత మేలు. అదైనా వినియోగదారుని వైపు నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. నూటికి 5 అభ్యర్థనలు మాత్రమే ఆలస్యమైనా, 12 తెరలు దాటవలసిన రైతులలో ఒక్క ఆలస్యమూ లేకుండా బయటపడేవారు, ఆ ఆలస్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనుకుంటే, నూటికి 54 మందే. మిగిలిన 46 మందికి కనీసం ఒక చోట పని నిలుస్తుంది. సర్వర్ గదిలో 95 మార్కులు తెచ్చుకున్న వ్యవస్థ గ్రామ కేంద్రంలో సగం మందికి మొరాయించినట్టు అనిపించడం ఇందువల్లనే. రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి.

చెక్ రకం చనిపోయే వరకు

వరిలో సుడిదోమను తట్టుకునే రకాల ఎంపికకు గాజు గృహంలో జరిపే ట్రే పరీక్షలో టి.ఎన్.1ను లొంగే చెక్‌గా, పి.టి.బి.33ను నిలిచే చెక్‌గా నాటుతారు. పరీక్షకు వచ్చిన మొలకలకు మార్కులు వేసేది టి.ఎన్.1 దాదాపుగా ఎండిపోయిన తరువాతనే. టి.ఎన్.1 పచ్చగా ఉండగా మిగతావన్నీ పచ్చగా ఉన్నాయని రాసుకోవడంలో అర్థం లేదు. దోమ తగినంతగా పడలేదని మాత్రమే దాని భావం.

భార పరీక్షలు చాలావరకు ఈ తప్పు దగ్గరే ఆగిపోతాయి. ఒప్పందంలో 5,000 అని ఉంటే 5,000 వరకు పెంచి, ఏమీ కాలేదని రాసి ముగిస్తారు. దానివల్ల తెలిసేది పరిమితి కాదు. పరిమితి 5,000కు పైన ఎక్కడో ఉన్నదని మాత్రమే. 5,200 వద్ద ఉన్నదా, 50,000 వద్ద ఉన్నదా అన్నది తేలదు. వ్యవస్థ కూలే వరకు భారాన్ని పెంచాలి. కూలినప్పుడు మొదట ఏది తెగిందో, భారం తగ్గించాక తనంతట తాను కోలుకున్నదో లేక ఎవరో వచ్చి తిరిగి నడిపించవలసి వచ్చిందో నమోదు చేయాలి. ఈ చివరి అంశం ముఖ్యమైనది. కూలి అయిదు నిమిషాలలో లేచే పోర్టల్, కూలి సాయంత్రం వరకు లేవని పోర్టల్ ఒకే పరిమితి వద్ద కూలినా, రైతుకు రెండూ ఒకటి కావు.

పరీక్షలో ఎక్కువ శ్రమ పడవలసింది భారం పెంచడంలో కాదు, ఆ భారాన్ని నిజానికి దగ్గరగా తయారుచేయడంలో. అపాచీ జెమీటర్, లోకస్ట్, కె6 వంటి ఉచిత సాధనాలు వేలాది కృత్రిమ వినియోగదారులను సృష్టించగలవు. సాధనం సులువుగా దొరకడం వల్లనే పరీక్ష కూడా సులువన్న భ్రమ కలుగుతున్నది. నమూనా స్క్రిప్టులో ఒకే సర్వే నంబరును వేలసార్లు అడిగితే, డేటాబేస్ దానిని ఒకసారి చదివి జ్ఞాపకంలో ఉంచుకుని మిగతా వేలసార్లు అక్కడి నుంచే ఇచ్చివేస్తుంది. నిజ జీవితంలో ప్రతి రైతుకు వేరే సర్వే నంబరు. ప్రతిసారీ డిస్కు వరకు వెళ్లవలసిందే. ఒకే మొక్క నుంచి పది ఆకులు కోసి పది నమూనాలుగా లెక్కించడానికి, దీనికి తేడా లేదు. అలాగే భారమంతా ఒకే కంప్యూటరు నుంచి పంపితే ముందు అలసేది ఆ కంప్యూటరే. లినక్స్‌లో సాధారణ అమరికతో ఒక యంత్రం ఒక సర్వర్ చిరునామాకు ఏకకాలంలో తెరవగల సంబంధాలు సుమారు 28,000. అంతకు చాలా ముందే దాని మెమరీ, ప్రాసెసర్ పరిమితులు అడ్డుపడవచ్చు. పరీక్షించేవారి యంత్రం తూలితే ఆ తూలుడును పోర్టల్ బలహీనతగా రాసుకునే ప్రమాదం ఉన్నది.

సర్వర్ ఉన్న గదిలోనే కూర్చుని, వేగవంతమైన ఫైబర్ తీగ మీదుగా జరిపే పరీక్షకు ఇంకొక లోపం ఉన్నది. మన్యం గూడెంలో సిగ్నల్ కోసం చెట్టు కిందికి వచ్చి నిలబడిన సహాయకుడి ఫోన్ నుంచి పంట ఛాయాచిత్రం పైకి చేరడానికి ఒక నిమిషం పట్టవచ్చు. ఆ నిమిషమంతా సర్వర్ తన తలుపులలో ఒకదానిని అతని కోసమే తెరిచి పట్టుకోవాలి. ఫైబర్ మీద అర సెకనులో మూసుకునే తలుపు అది. పైన చెప్పిన లిటిల్ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: వచ్చేవారి వేగం అదే అయినా, ఒక్కొక్కరు ఉండే సమయం పెరిగితే లోపలివారి సంఖ్య అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. నెమ్మదిగా ఉన్న నెట్‌వర్క్ సర్వర్ భారాన్ని తగ్గిస్తుందని అనుకునేవారు ఉన్నారు. ఫలితం తరచుగా దానికి విరుద్ధంగా ఉంటుంది.

ఆధార్ ధ్రువీకరణ, ఓటీపీ సందేశాలు, బ్యాంకు చెల్లింపులు పోర్టల్ చేతిలో లేని వ్యవస్థలు. పరీక్ష పేరిట వాటిపై భారం వేయడం తగదు, వేయనూ ఇవ్వరు. అందుకని పరీక్షలో వాటిని తీసివేసి, వెంటనే ‘సరే’ అనే నకిలీ జవాబు పెడతారు. పెట్టడం తప్పు కాదు. వెంటనే పెట్టడం తప్పు. రద్దీ రోజున ఓటీపీ రావడానికి 40 సెకన్లు పట్టడం, కొన్ని రాకపోవడం, మళ్లీ అడగడం జరుగుతాయి. నకిలీ జవాబు కూడా అంతే ఆలస్యంగా, అంతే అపనమ్మకంగా రావాలి.

ఇంకొక సూక్ష్మ విషయాన్ని 2006లో ష్రోడర్, వీర్మన్, హార్కోల్-బాల్టర్ అనే ముగ్గురు పరిశోధకులు ఎత్తి చూపారు. పరీక్షా సాధనాలు చాలావరకు మూసిన నమూనాలో పని చేస్తాయి: కృత్రిమ వినియోగదారుడు ఒక జవాబు వచ్చాకే రెండవ ప్రశ్న వేస్తాడు. సర్వర్ నెమ్మదిస్తే అతడూ నెమ్మదిస్తాడు. భారం తనంతట తానే తగ్గుతుంది. గ్రామ కేంద్రాల సంఖ్య స్థిరమైనది కనుక సహాయకుల ద్వారా జరిగే నమోదుకు ఈ నమూనా కొంతవరకు సరిపోతుంది. రైతులే తమ ఫోన్ల నుంచి నేరుగా వచ్చే సేవలకు ఇది పనికిరాదు. సర్వర్ నెమ్మదించిందని తెలియక కొత్తవారు వస్తూనే ఉంటారు. అక్కడ తెరిచిన నమూనాతో, అంటే జవాబులతో సంబంధం లేకుండా నిమిషానికి ఇంతమంది చొప్పున పంపుతూ పరీక్షించాలి. రెండు నమూనాల ఫలితాలలో వచ్చే తేడా కొన్ని శాతాలలో ఉండదు. అనేక రెట్లు ఉండవచ్చునని ఆ పరిశోధన చూపింది.

కార్తెల మీద నడిచే రద్దీ

వస్తువుల అమ్మకపు వెబ్‌సైట్లకు పండుగల రద్దీ ఉంటుంది. వ్యవసాయ పోర్టల్‌కు ఉండే రద్దీ అంతకన్నా ఒరిపిడి గలది. తొలకరి పడితే రాయితీ విత్తనం కోసం మండలాలకు మండలాలు ఒకే వారంలో కదులుతాయి. ఫసల్ బీమా యోజనలో అనేక రాష్ట్రాలలో ఖరీఫ్ పంటలకు జూలై 31 గడువుగా ఉంటూ వచ్చింది; ఆ రోజు సాయంత్రానికి రద్దీ శిఖరానికి చేరుతుంది. పీఎం కిసాన్ 17వ విడత 2024 జూన్ 18న విడుదలైనప్పుడు 9 కోట్లకు పైగా రైతుల ఖాతాలకు ఒకే సందర్భంలో సొమ్ము చేరింది. వారిలో పదవ వంతు మంది తమ స్థితి చూసుకోవాలనుకున్నా 90 లక్షల మంది. ఆన్‌లైన్ వేలం జరిగే మార్కెట్ యార్డులలో గడువు ముగిసే ముందు నిమిషాలలో బిడ్లు గుమికూడడం సహజం. ఏడాది సగటును బట్టి యంత్రాన్ని కొనడం, ఏడాది సగటు వర్షపాతాన్ని చూసి చెరువు కట్టకు అలుగు కట్టడం వంటిది. అలుగు కట్టేవారు చూసేది ఒక్క రోజున పడగల అతి భారీ వానను.

ఇటువంటి ప్రారంభ రద్దీకి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాది. 2013 అక్టోబరు 1న అక్కడి ఆరోగ్య బీమా పోర్టల్ హెల్త్‌కేర్.గవ్ ప్రారంభమైంది. 50 వేల నుంచి 60 వేల వరకు ఏకకాల వినియోగదారులు వస్తారని అంచనా వేయగా సుమారు 2,50,000 మంది వచ్చారని అధికారులు తరువాత చెప్పారు. తొలి రోజు బీమాలో పూర్తిగా చేరగలిగినవారు ఆరుగురు. అయితే అంచనా తప్పడం ఒక్కటే దీనికి కారణం కాదు. పథకాల ధరలు చూడాలన్నా ముందుగా ఖాతా తెరవాలన్న ఏర్పాటు వల్ల, ఊరికే చూడవచ్చినవారు కూడా అతి సన్నని ద్వారం గుండానే రావలసి వచ్చింది. బాగుచేసే పనికి దిగినప్పుడు ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం గమనించదగ్గది: ఏకకాలంలో 50,000 మంది, రోజుకు 8,00,000 మంది. అంటే వచ్చినవారందరినీ ఒకేసారి లోపలికి తీసుకునే ఆశ వదలి, మోయగలిగిన సంఖ్యను తేల్చి, మిగతావారిని వరుసలో నిలిపే ఏర్పాటు చేశారు. భారతదేశంలో 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి కోవిన్ నమోదు తెరుచుకున్నప్పుడు మొదటి నిమిషాలలో తడబాటు కలిగినా, ఆ రోజు ముగిసే లోగా కోటికి పైగా నమోదులు జరిగాయి. కూలడం, తడబడి లేవడం ఒకటి కావని పైన చెప్పిన మాటకు ఇది సాక్ష్యం.

భార పరీక్ష అవసరం లేదనే వాదనలలో బలమైనది క్లౌడ్ గురించినది. రద్దీ పెరిగితే సర్వర్లు వాటంతట అవే పెరుగుతాయి కదా అన్నది ఆ వాదన. పేజీలు చూపే సర్వర్ల విషయంలో ఇది నిజం. అవన్నీ చివరికి చేరుకునే డేటాబేస్ విషయంలో కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్రత్యేకంగా మార్చకపోతే ఏకకాల సంబంధాల పరిమితి 100. మై ఎస్‌క్యూఎల్‌లో 151. ఒక్కొక్క సర్వర్ 20 సంబంధాలు పట్టుకునే అమరికలో 4 సర్వర్లు సుఖంగా నడుస్తాయి. రద్దీ చూసి క్లౌడ్ వాటిని 20 చేస్తే 400 సంబంధాలు కావాలి. అప్పుడు సాయం కోసం వచ్చిన కొత్త సర్వర్లే డేటాబేస్‌ను ముంచుతాయి. బావిలో ఊట మారకుండా మోటార్ల సంఖ్య పెంచితే ఏమవుతుందో రాయలసీమ రైతుకు తెలుసు. క్లౌడ్ వల్ల పరీక్ష అవసరం తగ్గలేదు. పరీక్షించవలసిన చోటు మారింది.

గడువు పొడిగిస్తే సరిపోతుందన్నది రెండవ వాదన. మానవతా దృష్టితో చూస్తే పొడిగించడమే న్యాయం. కానీ బీమా విషయంలో గడువుకు ఒక అర్థం ఉన్నది: వాన ఎలా ఉండబోతున్నదో తెలియని దశలోనే రైతు చేరాలి. రెండు వారాలు పొడిగించేసరికి ఎండిన చేలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. నష్టం ఖాయమైన చోటి నుంచే ఎక్కువ మంది చేరతారు. ఆ భారం వచ్చే ఏటి ప్రీమియం లెక్కలలోకి, అంటే ప్రభుత్వ ఖజానా మీదికి చేరుతుంది. పంట నమోదు ఆలస్యమైతే మరొక చిక్కు వస్తుంది: స్వల్పకాలిక పెసర, మినుము పొలంలో లేకుండా పోయాక వాటి ఛాయాచిత్రం తీయడం సాధ్యం కాదు. సర్వర్ లోపాన్ని గడువుతో సర్దడమంటే సాంకేతిక సమస్యను తెచ్చి వ్యవసాయ గణాంకాలలో పోయడమే.

ఖర్చు గురించిన అభ్యంతరానికి పెద్దగా బలం లేదు. సాధనాలు ఉచితం, కొన్ని గంటల పాటు అద్దె యంత్రాలు కావాలి. నిజమైన ఖర్చు మనుషులది: పోర్టల్ వాడుక తీరును గమనించి స్క్రిప్టు రాయగలవారు, ఫలితాన్ని చదవగలవారు కావాలి. ఈ పనిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు పాత్ర ఉన్నది. ప్రోగ్రామింగ్ తెలిసిన ఇంజనీర్లకు గోంగూర ఎప్పుడు కోస్తారో, కంది ఎంత కాలం పొలంలో ఉంటుందో, ఏ మండలంలో నాట్లు ఎప్పుడు ముగుస్తాయో తెలియనవసరం లేదు. రద్దీ ఆకారాన్ని నిర్ణయించేవి ఆ విషయాలే. గత మూడు ఖరీఫ్‌ల రోజువారీ నమోదు లెక్కలను, నాట్ల పురోగతి నివేదికలతో పక్కపక్కన పెట్టి చూస్తే శిఖర దినం ఎప్పుడు, ఎంత ఎత్తున వస్తుందో అంచనా వేయడం గణాంక శాస్త్ర విభాగాలకు కష్టమైన పని కాదు. ఆ అంచనాకు ఒకటిన్నర, రెండు రెట్లు భారం వేసి చూడాలి. ఒక్కసారి చూసి వదిలివేయరాదు. క్షేత్ర పరీక్షను కనీసం మూడు నాలుగు ప్రతిరూపాలతో చేసేవారు, భార పరీక్షలో మొదటిసారి వచ్చిన సంఖ్యనే తుది ఫలితంగా ఒప్పుకోవడం విచిత్రం.

ఫలితాన్ని ప్రకటించే తీరు కూడా మారాలి. రకం విడుదల ప్రతిపాదనలో దిగుబడితో పాటు పరీక్షించిన స్థానాలు, కాలాలు, చెక్ రకాలు, చీడపీడల స్థాయి రాసినట్టే, ప్రతి వ్యవసాయ పోర్టల్‌కు ఒక పేజీ ఉండాలి. గంటకు ఎన్ని నమోదులు, నూటికి 95 తెరలు ఎంత సమయంలో, ఎటువంటి నెట్‌వర్క్ మీద, తెరకూ తెరకూ ఎంత విరామంతో, ఏ భారం వద్ద ఏది కూలింది, ఎంతసేపటికి లేచింది అన్నవి అందులో ఉండాలి. ఖరీఫ్‌కు ఈ పేజీ రోహిణి కార్తె లోపల, రబీకి సెప్టెంబరు లోపల సిద్ధం కావాలి. ఆ తరువాత ప్రోగ్రాములో పెద్ద మార్పు జరిగితే పాత పేజీ చెల్లదు. గడువుకు నాలుగు రోజుల ముందు కొత్త తెర ఒకటి చేర్చి, పాత పరీక్షా ఫలితాన్ని చూపడం విత్తనం మార్చి సంచి మీద పాత ముద్ర వేయడంతో సమానం.

పరిమితి తెలిశాక చేయదగిన పనులు చాలావరకు చౌకైనవి. మండలాలకు రోజుల వారీగా వంతులు కేటాయించవచ్చు. ఛాయాచిత్రాన్ని ఫోన్‌లోనే నిలువ చేసుకుని, అన్ని ఫోన్లూ ఒకే గంటకు పంపకుండా యాదృచ్ఛికంగా ఎంచిన వేళలలో పంపే ఏర్పాటు చేయవచ్చు. స్థితి చూసుకునేవారిని నమోదు చేసేవారితో కలపకుండా వేరే సర్వర్‌కు మళ్లించవచ్చు. ఇప్పుడు క్షేత్ర సిబ్బంది అర్ధరాత్రి దాటాక మేల్కొని అప్‌లోడ్ చేసుకుంటూ ఈ వంతుల పద్ధతిని తమ నిద్ర ఖర్చుతో తామే అమలు చేసుకుంటున్నారు.

ఇవన్నీ చేసినా ఏదో ఒక రోజు భారం పరిమితిని దాటుతుంది. ఆ గంటకు ఏం జరగాలో కూడా ముందే రాసి ఉంచాలి. పరిమితి దాటగానే పోర్టల్ కొత్త నమోదులను తీసుకోవడం ఆపి, రైతు పేరు, సర్వే నంబరు, వచ్చిన తేదీ, సమయం మాత్రమే తీసుకుని ఒక వరుస సంఖ్య ఇవ్వగలగాలి. అంత చిన్న పని చేయడానికి బలహీనమైన సర్వర్ కూడా చాలు. అదీ లేనప్పుడు కేంద్రంలో అచ్చు పుస్తకం నుంచి చింపి ఇచ్చే చీటీ చాలు. గడువు లెక్కకు ఆ చీటీ మీది సమయాన్నే ప్రమాణంగా తీసుకుంటామని పథకం మార్గదర్శకాలలో ఒక వాక్యం చేరితే, పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన కౌలు రైతు సర్వర్ లేచే వరకు కేంద్రం అరుగు మీద కూర్చోనవసరం ఉండదు.